మా బావకి తెలిసినవాళ్ళు ఎవరూ లేరు

సోమవారం ఉదయం తొమ్మిదీ పదికి ఆసుపత్రి వరండాలో, పదకొండు మంది ముందు, మా బావ నన్ను "నలభై సెకన్లు గారూ" అని పిలిచాడు. లేచి దగ్గరికి వెళ్తే కళ్ళజోడు మీంచి చూసి, "కొత్తగా వచ్చారా?" అని అడిగాడు. ముందు రోజు మధ్యాహ్నం మా ఇంట్లో నా పక్కనే కూర్చుని భోంచేసి, తువ్వాలు కనపడక నా చొక్కాకి చెయ్యి తుడుచుకున్న మనిషి.

మా బావకి మనుషులు గుర్తుండరు. ఆయన గురించి చెప్పుకోవాల్సింది ఈ ఒక్కటే. మిగతావన్నీ దీని తోకలు.

"బావా, నేను!" అన్నాను.

"మంచిదండీ. పుట్టిన తేదీ నా చెవిలో చెప్పండి" అన్నాడు, తల వంచి చెవి నా నోటి దగ్గర పెట్టి.

"ఈ చొక్కా నా పుట్టినరోజుకి నువ్వు కొనిపెట్టిందే కదా!"

"తేదీ అండీ."

చెప్పాను. ఫైలు తెరిచి చూసుకున్నాడు. తేదీ కలిసింది. "లోపలికి దయచెయ్యండి" అన్నాడు. నేనెవరో తెలిసిన ఛాయలు ఆ మొహంలో మచ్చుకైనా లేవు.

ఆయన మా అక్క మొగుడు. పెద్దాసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో లైటు గది ఆపరేటరు. పంతొమ్మిదేళ్ళుగా అదే గది, అదే కుర్చీ. నాది సోరియాసిస్. మోచేతుల మీద, మోకాళ్ళ మీద, వీపు నిండా ఎర్రటి మచ్చలు, వాటి మీద తెల్లటి పొట్టు. పత్రికాఫీసులో నా బల్ల మీద రాలిన పొట్టు ఊదుకుంటూ పేజీలు దిద్దేవాణ్ణి. నల్లచొక్కా తొడిగి ఎనిమిదేళ్ళయింది. పూతమందులన్నీ అయ్యాక డాక్టరమ్మ, "లైటు పెట్టించుకోండి. వారానికి మూడుసార్లు, ముప్పై సార్ల దాకా పట్టొచ్చు" అంది.

"అక్కడ ఆపరేటరు మా బావేనండీ" అన్నాను గర్వంగా.

డాక్టరమ్మ నాకేసి జాలిగా చూసి, "అయినా సరే, పుట్టిన తేదీ గుర్తు పెట్టుకుని వెళ్ళండి" అంది.

లైటు గది అంటే పెద్దగా ఏమీ ఉండదు. మనిషి నిలబడగలిగే బీరువా ఒకటి. లోపల చుట్టూతా నిలువెత్తు ట్యూబులు. బట్టలు విప్పి, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని అందులో నిలబడితే బావ తలుపేస్తాడు. ట్యూబులు నీలంగా వెలుగుతాయి. నెత్తిమీద ఫ్యాను బుర్రుమంటుంది. ఎండలోంచి చర్మానికి పనికొచ్చే పేలిక ఒక్కటే కత్తిరించి తెచ్చారట. చర్మం నెల రోజుల్లో చెయ్యాల్సిన పెరుగుదలని వారంలో చేసేస్తుంటే, ఆ వెలుతురు దాన్ని కాస్త నిదానించమంటుందట. మొదటి రోజు నలభై సెకన్లు. మంటా ఎరుపూ రాకపోతే తర్వాతిసారి నలభై ఆరు, ఆ తర్వాత యాభై మూడు. అలా నెమ్మదిగా పెంచుతూ పోతారు.

ఇక్కడే మా అయోమయం మొదలైంది. బావ ఎవరినీ పేరు పెట్టి పిలవడు. ఆ రోజు ఎన్ని సెకన్లో అదే పేరు. సోమవారం నలభై అయిన నేను బుధవారం నలభై ఆరునయ్యాను. అది తెలియక "నలభై ఆరు గారూ" అని మూడుసార్లు పిలిచినా, ఎవరా మొద్దు అని చుట్టూ చూస్తూ కూర్చున్నాను.

ఒక శుక్రవారం "తొంభై రెండు గారూ!" అని పిలిస్తే ఇద్దరు లేచారు. ఒకాయన రిటైరయిన హెడ్‌మాస్టరు. ఇంకొకాయన బస్సు డ్రైవరు.

"నేను సోమవారం నుంచీ తొంభై రెండునే" అన్నాడు హెడ్‌మాస్టరు. "మంట పుట్టిందని పెంచలేదు."

"నేను ఇవాళే అయ్యానండీ. ఎనభై నుంచి వచ్చా" అన్నాడు డ్రైవరు.

బావ ఇద్దరినీ ఎగాదిగా చూసి, "పాత తొంభై రెండు గారు ముందు రండి. కొత్త తొంభై రెండు గారు కూర్చోండి. ఇద్దరూ కొత్తగా వచ్చినవాళ్ళేనా?" అన్నాడు.

హెడ్‌మాస్టరుకి చెవుడు. చెవుడున్నవాళ్ళు గుసగుసలాడలేరు. ఆయన పుట్టిన తేదీ వరండా దాటి మందుల కౌంటరు దాకా వినపడింది. పక్కనున్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కేసి, "డెబ్భై నాలుగా! అంత కనపడరండీ" అన్నారు. ఆ రోజు ఆయన బీరువాలోకి పెళ్ళికొడుకులా వెళ్ళాడు.

ఇంకొక నియమం ఉంది. మొదటి రోజు వేసుకున్న కొలత లోదుస్తులే ముప్పై సార్లూ వేసుకోవాలి.

"ఇదెక్కడి నియమం?" అన్నాను.

"ఇన్నాళ్ళూ గుడ్డ చాటున దాక్కున్న చర్మానికి ఒక్కసారిగా నూట యాభై సెకన్లు తగిలితే, మీరు రెండ్రోజులు కుర్చీలో కూర్చోలేరండీ."

ఆరోసారి పొరపాటున కాస్త పొట్టిది వేసుకెళ్ళాను. బావ బీరువా తలుపు పట్టుకుని ఆగిపోయాడు. "ఇది అది కాదే" అన్నాడు.

నేను నిలువునా నీరైపోయాను, సిగ్గుతో కాదు, అనుమానంతో. ఇరవై రెండేళ్ళ నుంచి చూస్తున్న బామ్మర్ది మొహం ఈయనకి గుర్తు లేదు. పదకొండు రోజుల క్రితం చూసిన నా డ్రాయరు గుర్తుంది. ఇదేం రకం జ్ఞాపకశక్తి?

ఆ మాటే మా అక్కతో అన్నాను. అక్క అప్పటికే ఏళ్ళ తరబడి ఉడికిపోయి ఉంది.

"ఆయనతో బజారుకెళ్ళటం మానేశాన్రా. ఎవరు నమస్కారం పెట్టినా 'ఎవరండీ మీరు?' అంటాడు. మొన్న పెళ్ళిలో ఒకాయన చెయ్యి చాపుకుంటూ వచ్చాడు. ఈయన మొహం మీదే అడిగేశాడు, ఎవరండీ మీరు అని. నాకు తల కొట్టేసినట్టయింది."

"ఆయనేమన్నాడు?"

"అదేగా చోద్యం! కోప్పడాల్సింది పోయి నవ్వాడు. ఐస్‌క్రీమ్ రెండు కప్పులు పట్టుకొచ్చి ఈయన చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. తిట్టినవాళ్ళకి ఐస్‌క్రీమ్ ఇస్తారట్రా ఎవరైనా?"

"బావకి మతిమరుపేమో."

"మతిమరుపా? వంటింట్లో ఏ గిన్నెకి ఏ మూతో నాకే గుర్తుండి చావదు. ఆయనకి తెలుసు. మా పెళ్ళికి మన నాన్న ఏ రంగు చొక్కా వేసుకున్నాడో అడుగు, చెబుతాడు."

అయినా అక్కకి భయం పట్టుకుంది. బావని బలవంతాన బుర్ర డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. తోడుగా నన్నూ లాక్కెళ్ళింది. ఆ డాక్టరు పేరు మోసినవాడు. మూడు మాటలు చెప్పాడు: అద్దం, గొడుగు, పెన్సిలు. పది నిమిషాలాగి అడిగాడు.

"అద్దం, గొడుగు, పెన్సిలు" అన్నాడు బావ. "మధ్యలో మీరు రెండుసార్లు దగ్గారు. అది కూడా చెప్పాలా?"

డాక్టరు వందలోంచి ఏడేసి తీసేస్తూ పొమ్మన్నాడు. బావ తీసేస్తూ, తీసేస్తూ రెండు దాకా వచ్చి, "ఇంక తియ్యటానికి చాలవండీ" అన్నాడు.

"ఇవన్నీ కాదండీ" అంది అక్క. "మనుషుల్ని అడగండి."

డాక్టరు కళ్ళద్దాలు తీసి, బావ ఎదుట మొహం పెట్టి, "నన్నెప్పుడైనా చూశారా?" అన్నాడు.

"లేదండీ. ఇదే మొదటిసారి" అన్నాడు బావ.

డాక్టరు ఆయనకేసి చూసి నవ్వాడు. తర్వాత మడిచి ఉన్న చొక్కా చేతుల్ని మణికట్టు దాకా దించుకుని బొత్తాలు పెట్టుకున్నాడు. "అమ్మా, ఈయన బుర్ర మా అందరి బుర్రలకన్నా బాగుంది. హాయిగా ఇంటికి తీసుకెళ్ళండి" అని గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు.

"డాక్టరు కూడా నవ్వుతాడేంట్రా? వీళ్ళంతా ఒక ముఠానా?" అంది అక్క మెట్లు దిగుతూ. నాకూ పాలుపోలేదు. ముప్పై ఏళ్ళుగా ఎవడు ఏం దాస్తున్నాడో కనిపెట్టి రాసే ఉద్యోగం నాది. చొక్కా బొత్తాల సంగతి మటుకు నాకు తట్టలేదు.

తట్టి ఉంటే తర్వాతి వారం ఆ వెధవపని చేసి ఉండేవాణ్ణి కాదు.

మా ఆఫీసు వెనక వీధిలో ఒక సెలూన్ ఉంది. ఒకే కుర్చీ, ఒక బెంచీ, నిలువెత్తు అద్దం. ఎప్పుడూ వెళ్ళలేదు. ఆ రోజు జుట్టు చెవుల మీదికొచ్చి చిరాకేస్తే దూరాను. కుర్చీలో ఎదురుగా ఉన్న టైర్ల షాపు ఆయన మొహం నిండా నురగతో వెనక్కి వాలి ఉన్నాడు. బెంచీ మీద ఇద్దరు. గడ్డం గీస్తున్న మనిషి చేతులకి పల్చటి గ్లౌజులు. అద్దంలో ఆయన మొహం చూశాను. చాలా సంతోషమేసింది.

"మీరు నూట ఇరవై గారు కదూ!" అన్నాను.

సెలూన్ ఆయన అద్దంలోంచే నాకేసి చూసి తల అడ్డంగా ఊపాడు. "మీరెవరో నాకు తెలీదు సార్" అన్నాడు.

పాపం, ఈయనకీ మా బావ జబ్బే వచ్చిందనుకుని గుర్తు చెయ్యబోయాను. "అదేనండీ, లైటు గదిలో! మీరు చేతులు, నేను వీపు!"

"ఏం లైటు గది?" అన్నాడు టైర్ల షాపు ఆయన, నురగలోంచి.

"పెద్దాసుపత్రిలోనండీ. చర్మవ్యాధుల విభాగం."

కత్తి గాల్లో ఆగిపోయింది. బెంచీ మీదివాళ్ళు చదువుతున్న పేపర్లు కిందికి దించారు. నేను పెద్దమనిషిలా నవ్వి, "కంగారు పడకండి, అంటుకునేది కాదు" అన్నాను.

జనానికి చెవులు భలేగా పనిచేస్తాయి. చివరి 'కాదు' ఎవరికీ వినపడలేదు. టైర్ల షాపు ఆయన మెడకి కట్టిన గుడ్డతో సహా లేచాడు. ఒక బుగ్గ నున్నగా, ఒక బుగ్గ నురగతో రోడ్డు దాటి తన షాపులోకి పరిగెత్తాడు. బెంచీ ఖాళీ అయింది.

సెలూన్ ఆయన గ్లౌజులు తీసి, కత్తి కడిగి, దాని చోట దాన్ని పెట్టాడు. వేళ్ళ కణుపుల మీద మచ్చలు సగానికి సగం మానిపోయి ఉన్నాయి. "సబ్బు పడలేదని చెప్పుకొస్తున్నా సార్ ఇన్నాళ్ళూ" అన్నాడు. "ఇంకో పదిసార్లు లైటు పెట్టించుకుంటే ఆ అబద్ధం కూడా అక్కర్లేకపోయేది. కూర్చోండి, కటింగ్ చేస్తా."

కూర్చున్నాను. నా జన్మలో అంత నిశ్శబ్దంగా ఎవరూ నాకు జుట్టు కత్తిరించలేదు.

వారం తిరక్కుండా ఆ షాపులో ఈగలు కూడా వాలటం మానేశాయి. బిల్డింగు ఓనరు వచ్చి, "నలుగురూ నాలుగు రకాలుగా అంటున్నారయ్యా. ఒకటో తారీఖుకి ఖాళీ చేసెయ్" అన్నాడట. ఒకటో తారీఖు ఇంకా పదిహేను రోజులుంది. ఆసుపత్రిలోనూ సెలూన్ ఆయన వరసగా మూడుసార్లు రాలేదు. ఎవరు చూసి ఎవరికి చెబుతారోనని భయం.

నాకు తిండి సయించలేదు. లైటు గదిలో బావని పట్టుకున్నాను.

"బావా, ఆ సెలూన్ ఆయన రావట్లేదు కదా..."

"ఎవరండీ?"

"అదే, నూట ఇరవై!"

"ఆ అంకె ఇవాళ ఎవరికీ లేదు. కళ్ళద్దాలు పెట్టుకోండి."

బీరువాలోకి తోసి తలుపేశాడు. ట్యూబులు వెలిగాయి. అప్పుడు తలుపు అవతల నుంచి, ఫ్యాను మోతని మించిన గొంతుతో మొదలుపెట్టాడు.

"మీరెవరో నాకు తెలీదు కాబట్టి చెబుతున్నా. తెలిసినవాళ్ళయితే మొహమాటం అడ్డొచ్చేది. మీరు పరమ దద్దమ్మలండీ! దేవుడు మీకు నోరెందుకిచ్చాడో ఆయన్నే అడగాలండీ! ఎక్కడ కలిశారో అక్కడే వదిలెయ్యాలన్న ఇంగితం మీకు లేదా అండీ?"

ఉత్తి డ్రాయరుతో, నల్ల కళ్ళద్దాలతో, చేతులు పైకెత్తి నిలబడ్డవాడు ఎవరితో వాదించగలడు? నూట నలభై సెకన్లు తిట్టాడు. ట్యూబులు ఆరటంతోటే ఆపేశాడు. తలుపు తీసి, "మంటగా ఉందా అండీ?" అని మర్యాదగా అడిగాడు.

చేసిన తప్పు దిద్దుకోవటానికి నాకు తెలిసిన విద్య ఒక్కటే. ఆదివారం పేజీలో సోరియాసిస్ మీద అరపేజీ రాశాను. ఇది అంటువ్యాధి కాదు, తాకితే రాదు, తువ్వాలు పంచుకున్నా రాదు అని పెద్దక్షరాల్లో వేయించాను. సోమవారం ఆ వీధిలోకెళ్ళి చూస్తే టైర్ల షాపు ఆయన నా అరపేజీ కాగితం గోడకి అంటించి, పది మందికి చూపిస్తున్నాడు.

"చెప్పానా? పేపర్లో కూడా వచ్చేసింది. ఇంక అనుమానమే లేదు, అతనికి ఉంది!"

ముప్పై ఏళ్ళలో నేను రాసింది గోడకెక్కటం అదే మొదలు.

తారీఖులు దగ్గర పడుతున్నాయి. అప్పుడు పొద్దున్నే అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, మీ బావకి ముదిరిందిరా. ఆసుపత్రి కోటు ఇంటికి పట్టుకొచ్చాడు. పంతొమ్మిదేళ్ళలో ఒక్కనాడూ ఆ కోటు గుమ్మం తొక్కలేదు. నాలుగు రోజులుగా ఇంట్లో గడ్డం గీసుకోవటం మానేశాడు. ఏడున్నరకల్లా ఆ కోటేసుకుని బయటికి పోతున్నాడు. ఎక్కడికంటే 'ఊరికే' అంటాడు. నువ్వెళ్ళి చూడు, నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు."

మర్నాడు వెనకాలే వెళ్ళాను. తెల్లకోటు. జేబు మీద ఎర్రదారంతో, రోడ్డవతలికి కూడా కనపడేంత పెద్దక్షరాల్లో 'చర్మవ్యాధుల విభాగం'. బావ తిన్నగా మా ఆఫీసు వెనక వీధిలోకి తిరిగాడు. సెలూన్ తలుపులు రెండూ బార్లా తీశాడు. కుర్చీని రోడ్డు వైపుకి తిప్పుకుని కూర్చున్నాడు. ఆఫీసులకీ షాపులకీ జనం పోయే వేళ.

"నేను ఈ ఏరియాకి కొత్తండీ. గడ్డం చెయ్యండి" అన్నాడు.

సెలూన్ ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "సార్, నిన్న కూడా..." అని నసిగాడు.

"నిన్న ఎవరో వచ్చి ఉంటారు. నేను కొత్త."

సెలూన్ ఆయన గ్లౌజులు తొడుక్కోబోయాడు. బావ చెయ్యి అడ్డం పెట్టాడు. "అవి తీసెయ్యండి. నా చర్మానికి రబ్బరు పడదు. ఉత్తి చేతుల్తో చెయ్యండి."

నేను ఎదురుగా కరెంటు స్తంభం చాటున నిలబడ్డాను. సెలూన్ ఆయన ఉత్తి వేళ్ళతో నురగ రాశాడు. గడ్డం గీశాడు. బావ ఇంకోసారి గియ్యమన్నాడు. మొహానికి మసాజ్ చెయ్యమన్నాడు, తలకి కూడా చెయ్యమన్నాడు. తర్వాత కటింగ్ అన్నాడు. మా బావ తల మీద చెవుల పైన రెండు వైపులా కలిపి దోసెడు వెంట్రుకలుంటాయి.

"ఎక్కడ కత్తిరించమంటారు సార్?"

"ఎక్కడుంటే అక్కడ. తొందరేం లేదు."

రోడ్డు మీద పోయేవాళ్ళు ముందు కోటు చూశారు, తర్వాత జేబు మీద అక్షరాలు చదివారు, తర్వాత ఆ మొహం మీద తిరుగుతున్న చేతుల్ని చూశారు. కొందరు ముందుకెళ్ళి వెనక్కొచ్చి మళ్ళీ చదివారు. టైర్ల షాపు ఆయన ఉండబట్టలేక గుమ్మం దాకా వచ్చాడు. ఆ రోజు సగం గీసిన గడ్డం సంగతి ఏం చేశాడో గానీ, మొత్తం పెంచేసి ఉన్నాడు.

"సార్, మీరు చర్మం ఆసుపత్రా?"

"అవునండీ."

"మరి ఈయనకి... ఈయన మీ దగ్గరికి..."

"ఈయనెవరో నాకు తెలీదండీ. చెయ్యి తేలిక. నిద్రొస్తోంది."

"అంటుకోదా సార్?"

"ఏదండీ?"

"అదే... చర్మానికొచ్చేది."

బావ కళ్ళు తెరిచి ఆయన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. "మీకేమైనా ఉందా అండీ? చొక్కా విప్పండి, ఇక్కడే చూసేస్తా."

టైర్ల షాపు ఆయన గుండె మీద బొత్తాం గట్టిగా పట్టుకుని రెండడుగులు వెనక్కేశాడు. "అబ్బే, ఊరికే అడిగాను సార్" అంటూ పోయాడు.

బావ దిగి అద్దంలో చూసుకుని, "రేపు ఇంకెవరైనా కొత్తవాళ్ళు రావచ్చు" అని చెప్పి బయటికొచ్చాడు. స్తంభం దగ్గర నా చెయ్యి పట్టుకుని, టీ కొట్టు వెనక్కి లాక్కెళ్ళాడు.

"అలా దాక్కుంటారేంట్రా ఎవరైనా? స్తంభం సన్నం, నువ్వు లావు."

ఆసుపత్రిలో అడుగు పెట్టింది మొదలు నన్నాయన 'రా' అన్నది అప్పుడే. నాకు ప్రాణం లేచొచ్చింది.

"బావా, నీకు అందరూ గుర్తే కదూ!"

టీ ఊదుకున్నాడు. "చేరిన కొత్తల్లో బాగానే పలకరించేవాణ్ణి" అన్నాడు. "పోస్టాఫీసులో పనిచేసే ఒకావిడ వచ్చేది. ఒక రోజు స్టాంపులకెళ్ళి, కిటికీలోంచి 'ఏమ్మా, వీపు మీది తగ్గుతోందా?' అన్నాను. ప్రేమగానే అన్నాను రా. పక్క సీటు వాళ్ళంతా ఇటు తిరిగారు. ఆవిడ మళ్ళీ లైటుకి రాలేదు. ఇరవై రెండుసార్లు వచ్చింది. ఇంకో ఎనిమిది వస్తే మచ్చలు మానిపోయేవి."

"మరి అక్కకైనా చెప్పొచ్చు కదా?"

"మీ అక్కకి చెబితే, నేను ఎవరితో 'ఎవరండీ' అన్నా వాళ్ళకి ఫలానా జబ్బని దానికి తెలిసిపోదూ? అందుకని అందర్నీ అంటాను. పాలాయన్ని కూడా."

"నన్నెందుకు? నేను బామ్మర్దిని కదా!"

"వరండాలో నిన్నొక్కణ్ణి గుర్తుపడితే మిగతా పది మందీ ఏమనుకుంటారు? ఈయనకి మొహాలు తెలుస్తున్నాయన్నమాట అనుకోరూ?" గ్లాసు కింద పెట్టాడు. "మీ అక్కతో అన్నావంటే ఈసారి నూట అరవై సెకన్లు తిడతాను. పద, ఆఫీసుకి ఆలస్యమవుతోంది."

ఆ తర్వాత తొమ్మిది రోజులు మా బావ రోజుకో కొత్తమనిషిగా ఆ కుర్చీలో కూర్చున్నాడు. రోజూ కత్తి పడి బుగ్గలు కందిపోతే, అక్క వెన్న రాసింది. రెండో రోజుకి బెంచీ మీద ఒకాయన కూర్చున్నాడు. నాలుగో రోజుకి ముగ్గురయ్యారు. ఆరో రోజు బావ వెళ్ళేసరికి కుర్చీ ఖాళీ లేక పావుగంట నిలబడ్డాడట. ఇరవై తొమ్మిదో తారీఖున బిల్డింగు ఓనరు వచ్చి, ఖాళీ చెయ్యటం సంగతి ఎత్తకుండా కటింగ్ చేయించుకుని, "సైడ్లు ఇంకాస్త తగ్గించు" అని మాత్రం అన్నాడు. ఒకటో తారీఖు వచ్చింది, పోయింది.

ఆ తర్వాతి సోమవారం సెలూన్ ఆయన లైటు గదికి మళ్ళీ వచ్చాడు. మానేసి నాలుగు వారాలు దాటింది కాబట్టి మొదటి నుంచీ మొదలుపెట్టాలి. వరండాలో ఆయన నా పక్కనే కూర్చున్నాడు. ఇద్దరం ఎదురు గోడ మీద పోస్టరు చదువుతున్నాం.

అంతలో గుమ్మంలో టైర్ల షాపు ఆయన కనపడ్డాడు. చేతిలో కొత్త ఫైలు, మెడ దాకా బొత్తాలు. నన్ను చూశాడు, సెలూన్ ఆయన్ని చూశాడు. పారిపోవటానికి ఒక కాలు వెనక్కేశాడు. ఆ బొత్తాల కింద ఇన్నేళ్ళుగా ఏం దాచాడో, అంత భయమెందుకో, నాకప్పుడు తట్టింది. ఆయన గోడకి అంటించిన నా అరపేజీ గురించి అడగటానికి నా నాలుక దురద పెట్టింది. కొరుక్కున్నాను. తలెత్తి ఫ్యానుకేసి చూశాను. సెలూన్ ఆయన బెంచీ మీదున్న పత్రిక తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అది తలకిందులుగా ఉంది.

"గుమ్మంలో ఉన్నాయనా, లోపలికి రండి" అని కేకేశాడు బావ. "చెవి ఇటు ఉంది."

గురువారం సాయంత్రం నా స్కూటరు వెనక చక్రం గాలి దిగిపోయింది. ఆ వీధిలో ఉన్నది ఒకటే షాపు. తోసుకుంటూ వెళ్ళాను. టైర్ల షాపు ఆయన నన్ను చూసి బిగుసుకుపోయాడు. గడ్డం తీసేసి ఉన్నాడు, నున్నగా, రెండు వైపులా.

"ఎవరండీ మీరు? ఈ ఏరియాకి కొత్తా?" అన్నాడు.

"కొత్తేనండీ" అన్నాను.

చక్రం విప్పి, ట్యూబుని నీళ్ళలో ముంచి తిప్పి తిప్పి చూశాడు. రెండు పంక్చర్లున్నాయి.